చారల చొక్కాలో తప్పిన అట్ట

నాకు బొమ్మల సినిమాలంటే చిన్నచూపు. యాభై రెండేళ్ళు వచ్చేదాకా ఒక్కటి కూడా మొదటి నుంచి చివరిదాకా చూసిన పాపాన పోలేదు. చంటిపిల్లలకు నాలుగు ముద్దలు ఎక్కువ తినిపించడానికి పనికొచ్చే సరుకని నా లెక్క. మా అమ్మాయి యానిమేషన్ చదువుతానన్న రోజు ఇంట్లో చిన్న యుద్ధమే చేశాను. ఆ యుద్ధంలో ఓడిపోవడం నా జీవితంలో జరిగిన మంచి పనుల్లో ఒకటని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అదీ అమ్మాయి పక్కన లేనప్పుడు మాత్రమే.

ఆ ఆదివారం పొద్దున నేను ఆ సినిమా ముందు కూర్చున్నది కూడా ఇష్టంతో కాదు, మా నాయన మీద కోపంతో. ఆయన మర్నాడు మా ఇల్లు వదిలి వెళ్ళిపోతున్నాడు. అమ్మ పోయాక, మగ్గాలు అమ్మేసి, ఊరి చివర బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఫ్లాటుకు వచ్చి ఏడాదే అయింది. ఊరి నడుమ పాత పేటలో తన మగ్గాల మీద ముప్పై ఏళ్ళు పనిచేసినతను మేడ మీద గది ఒకటి ఖాళీగా ఉందన్నాడట. "సోమారం పోతానమ్మా. ఈడ నాకు పని లేదు," అన్నాడు నాయన అన్నం తింటూ, రేపు వాన పడుతుందేమో అన్నంత మామూలుగా. ఎందుకు, ఏం తక్కువైంది అని నేను అడుగుతుండగానే ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు.

నాకు కోపం ముక్కు మీదుంటుంది. "పోతే పోనీ," అనుకున్నాను. సోమవారం పొద్దున ఎనిమిదింటికి గూడ్సు ఆటో కూడా నేనే మాట్లాడాను. ఆయన ఇనప ట్రంకు పెట్టె అప్పటికే తలుపు దగ్గర కూర్చుని ఉంది. మా ఆయన ఆ నెలంతా ఆఫీసు పని మీద ఊళ్ళో లేడు కాబట్టి మధ్యలో సర్దిచెప్పేవాళ్ళు లేరు. నిజం చెప్పాలంటే ఆ ఏడాదంతా ఇదే వరస. వంటింట్లోంచి నాయనా, కాఫీ అని పిలిస్తే పలకడు. ఫోను మోగితే నా చేతికిచ్చి "నువ్వే మాట్లాడు" అంటాడు. టీవీ పెడితే పది నిమిషాలు కూర్చుని లేచిపోతాడు. మగ్గాలు అమ్మేశాం, దానికి కారణం నేనేనని ఆయన మూతి ముడుచుకున్నాడని నా గట్టి నమ్మకం. గోడకు చెప్పుకున్నట్టు ఎన్నాళ్ళని చెప్పుకుంటాం?

అందుకే మా అమ్మాయి, "అమ్మా, నాకీ వారం అసైన్‌మెంట్ ఉంది, ఒక క్లాసిక్ యాంథాలజీ చూడాలి, నువ్వూ కూర్చో ప్లీజ్," అన్నప్పుడు కూర్చున్నాను. టీవీ వైపు చూస్తుంటే ట్రంకు పెట్టె కనబడదు.

"ఫోను పక్కన పెట్టు. మధ్యలో లేస్తే మళ్ళీ మొదటినుంచి పెడతా," అని బెదిరించింది అమ్మాయి.

"ఉప్మా చల్లారిపోతుందే."

"చల్లారనీ."

సినిమా నేను పుట్టకముందుదట. ఒక కథ కాదు, ఏడు చిన్న కథలు. ఒక్కొక్కటి ఒక్కో చిత్రకారుడి చెయ్యి. ఎక్కడా ఒక్క మాట ఉండదు, అంతా వాద్య సంగీతం. కంప్యూటర్లు లేని రోజులు కదా, సెకనుకు పన్నెండో ఇరవై నాలుగో బొమ్మల చొప్పున మొత్తం చేత్తోనే గీశారని అమ్మాయి చెప్పింది. అంత పని ఎవరు చెయ్యమన్నారు వాళ్ళని, అన్నాను నేను. నాయన బాల్కనీ తలుపు దగ్గర కుర్చీలో అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఆయన్ని పిలవలేదు. ఎలాగూ పలకడని.

మొదటి కథలో తెల్లటి కాగితం మీద ఒక సిరా గీత నడుచుకుంటూ వచ్చింది. అంతే, ఒట్టి గీత. అది కాసేపు కొండైంది, కొండ వంగి ముసలమ్మైంది, ముసలమ్మ తుమ్మితే ఆ తుమ్ములోంచి పిట్టలు లేచాయి. నేను వెక్కిరించడానికి సిద్ధంగా కూర్చున్నదాన్ని, ఆ తుమ్ముకు పకపకా నవ్వాను. అమ్మాయి నా వైపు ఓరకంట చూసింది. గెలిచినవాళ్ళ చూపు అది, నాకు తెలుసు.

రెండో కథలో ఒక నత్త రోడ్డు దాటుతుంది. రోడ్డు మధ్యకు వచ్చేసరికి ఆకులు రాలిపోతాయి, మంచు పడుతుంది, మళ్ళీ చిగుళ్ళు వస్తాయి. అది ఇంకా నడుస్తూనే ఉంటుంది. రోజూ మహదేవపురలో ఆఫీసు వదిలాక ఔటర్ రింగ్ రోడ్డు దాటే నన్ను నేను చూసుకున్నట్టయింది. "వీళ్ళకి మన రోడ్డు ఎలా తెలుసే?" అన్నాను. అప్పుడే వెనక కుర్చీ కాళ్ళు గచ్చు మీద గీసుకున్న చప్పుడైంది. తిరిగి చూస్తే నాయన కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. నేను చూడనట్టే ఉన్నాను. చూస్తే మళ్ళీ అటు తిప్పేస్తాడేమోనని భయం.

మూడో కథ వచ్చేసరికి ఆయన కుర్చీ సోఫా పక్కకు చేరింది. తాడు మీద ఆరేసిన బట్టల కథ అది. ఒక చారల చొక్కా, ఒక పూల గౌను. గాలి వీస్తే చొక్కా చెయ్యి గౌను నడుము దాకా వెళ్తుంది, గాలి ఆగితే పెద్దమనిషిలా వెనక్కి వచ్చేస్తుంది. గౌను సిగ్గుపడి మడత పడుతుంది. నేనూ అమ్మాయీ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నాం. అంతలో నాయన కుడి చెయ్యి పైకెత్తి, అరచెయ్యి నేలవైపు పెట్టి, మెల్లగా కిందికి దించాడు.

నా వేలు రిమోట్ మీద టక్కున పడింది. బొమ్మ ఆగిపోయింది. నేను ఆలోచించలేదు, చెయ్యే చేసేసింది.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. నేను పుట్టి పెరిగింది పేటలో, పట్టుచీరలు నేసే ఇంట్లో. కింద నాలుగు మరమగ్గాలు, పైన మేము. పొద్దున ఏడింటికి మగ్గాలు మొదలైతే ఇల్లంతా దడదడమని ఊగేది. పక్కన నిలబడి గొంతు చించుకున్నా మాట వినపడదు. అందుకని మగ్గాలిళ్ళలో అందరం పెదాలతో, చేతులతో మాట్లాడుకునేవాళ్ళం. పెదాలు స్పష్టంగా కదపాలి, గొంతు అక్కర్లేదు. రెండు వేళ్ళు మెలేస్తే పోగు తెగిందని. మూతి దగ్గర గుప్పెట పెడితే కాఫీ. అరచెయ్యి కిందికి దించితే మగ్గం ఆపమని. ఇది ఎవరూ నేర్పరు, నడక వచ్చినట్టే వచ్చేస్తుంది. బళ్ళో టీచరు పాఠం చెబుతుంటే నేను ఆ చివర కూర్చున్న స్నేహితురాలితో సినిమా కథంతా ఇలాగే చెప్పేదాన్ని. చప్పుడు చెయ్యకపోయినా ఎందుకు కొడుతున్నారో అర్థమయ్యేది కాదు.

ముప్పై ఏళ్ళ తర్వాత, మగ్గమే లేని ఇంట్లో, ఆ చెయ్యి దిగేసరికి నేను ఆపేశాను.

"ఒక అట్ట తప్పినారు," అన్నాడు నాయన.

"ఏంటి తాతా?" అని అమ్మాయి ఆయన ముందుకొచ్చి కింద కూర్చుంది.

"ఆ చొక్కాకి ఏడు చారలుండాయి. చెయ్యి పైకి లేసినప్పుడు ఆరే ఉండాయి. మళ్ళా ఏడైనాయి. ఒక అట్ట తప్పిండాది."

"తాతా, సెకనుకి అన్ని డ్రాయింగ్స్ వెళ్తాయి. అలా కనబడదు."

"నాకు కనబడె కదప్పా."

అమ్మాయికి పంతమొచ్చింది. లాప్‌టాప్ తెచ్చి ఆ సినిమానే అందులో పెట్టి, ఒక్కో బొమ్మా ఆపి ఆపి జరుపుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఏడు, ఏడు, ఏడు, ఏడు. నాకు విసుగొచ్చి ఉప్మాకి లేవబోయాను. అంతలో ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. ఆరు! ఒక్క బొమ్మలో, ఒకే ఒక్క బొమ్మలో, మోచేతి కింద ఒక చార లేదు. ఏ దేశంలోనో ఎవరో ఒక పనివాడు ఎన్నో ఏళ్ళ కిందట ఒక మధ్యాహ్నం కునుకుతూ ఒక గీత మర్చిపోయాడు. ఆ సంగతి మా నాయన బ్రూక్‌ఫీల్డ్‌లో కూర్చుని పట్టేశాడు. "మా సార్ కూడా ఎప్పుడూ చెప్పలేదు తాతా!" అని అమ్మాయి ఆయన మోకాళ్ళు పట్టుకుని ఊపేసింది.

"ఇది మన పనే కదమ్మా," అన్నాడు నాయన. ఏడాదిగా నేను చూడని ముఖం అది. "బొమ్మలు నేసే జాకార్డు మగ్గంలో అడ్డంగా పొయ్యే ఒక్కో పేక పోగుకి ఒక్కో అట్ట. అట్టని చేతిలో పట్టుకొని చూస్తే ఏముంటాది, బెజ్జాలే. అన్నీ వరసగా కుట్టి తిప్పితే నెమిలి నడుస్తాది. ఈళ్ళూ అంతే చేసినారు. అట్టకి బదులు కాగితం. సుమ్నే, ఊరికే కూర్చొని గీసినారనుకొంటివా? లెక్క పెట్టి గీసినారు."

అమ్మాయి నోరు తెరుచుకుని వింటోంది. మూడేళ్ళుగా లక్షలు పోసి చదివించుకుంటున్న చదువును ఆయన నాలుగు మాటల్లో చెప్పేశాడని నాకు గర్వంగానూ ఉంది, పొయ్యేముందు ఇదంతా ఎందుకు చూపిస్తున్నాడని ఒళ్ళు మంటగానూ ఉంది. రెండూ ఒకేసారి ఉన్నాయి, ఏం చెయ్యను.

నాలుగో కథ ఒక ఊరి బ్యాండు మేళం. బొద్దుగా ఉన్న బాకా వాయించేవాడు ఊదితే బుగ్గలు ఉబ్బి, ఉబ్బి, మనిషే బెలూనులా నేల వదిలేస్తాడు. పెద్ద డ్రమ్ము వాడు దెబ్బ వేస్తే ఊళ్ళో ఇళ్ళన్నీ ఒక్కసారి గంతేసి కూర్చుంటాయి. అమ్మాయి సరదా కొద్దీ సౌండు పెంచేసింది. బాకాలూ డ్రమ్ములూ చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. కిటికీ అద్దాలు అదురుతున్నాయి. కింది ఫ్లాటావిడ ఇంటర్‌కమ్‌లో కన్నడంలో నన్ను గట్టిగానే తగులుకుంది. నేను సారీ చెప్పి వెనక్కి వచ్చేసరికి నాయన తొడ చరుచుకుని నవ్వుతున్నాడు, కళ్ళ వెంట నీళ్ళు.

కండువాతో కళ్ళు తుడుచుకుని అన్నాడు: "ఎంత బాగా గీసినారప్పా! దీనికి సంగీతం కూడా పెట్టింటే ఇంకా ఎంత బాగుండునో."

అమ్మాయి జోకనుకుని నవ్వింది. నేను నవ్వలేదు. టీవీ మీద సౌండు గీత చివరిదాకా వెళ్ళి ఉంది. తెరమీద డ్రమ్ము వాడు ధనామని ఇంకో దెబ్బ వేశాడు. నాయన కనురెప్ప కూడా కదల్లేదు.

పలకని పిలుపులు, చేతికిచ్చేసే ఫోన్లు, పది నిమిషాలకే లేచిపోయే టీవీ, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఇంకో ఇల్లయితే ఎప్పుడో కనిపెట్టేవాళ్ళు. మాది మగ్గాలిల్లు. మా ఇంట్లో ఎవరూ చెవులతో వినలేదు కాబట్టి ఒకాయన చెవులు మెల్లమెల్లగా పోతుంటే ఎవరికీ తెలియలేదు. ఆయన పెదాలు చూసి జవాబు చెప్పేవాడు, మేమందరం కూడా అంతేగా. ఆ తర్వాత మగ్గాలు ఆగిపోయాయి. నేను మామూలు మనుషుల్లా వంటింట్లోంచి, వెనక నుంచి, ఫోను చూసుకుంటూ తలొంచుకుని మాట్లాడటం మొదలుపెట్టాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఎవరేం చెప్పినా ఆయన ఎదురుగా నిలబడి మళ్ళీ ఒకసారి చెప్పేది. ప్రతి మాటా రెండుసార్లు చెప్పే చాదస్తమని మేం ఆమెను ఏడిపించేవాళ్ళం. ఆమె ఒక్కసారి కూడా ఇదీ సంగతని అనలేదు.

నేను వెళ్ళి నాయన ఎదుట నిలబడ్డాను. గొంతు తెరవలేదు. చెవి మీద వేలు పెట్టి, పెదాలతో అడిగాను: వినపడదా?

ఆయన నా వైపు వింతగా చూశాడు. తర్వాత ఆయనా గొంతు లేకుండానే అన్నాడు: లేదు.

ఎప్పట్నుంచి?

చెయ్యి భుజం మీంచి వెనక్కి ఊపాడు. చాలా వెనక్కి. ఆ తర్వాత పైకే అన్నాడు. "మీ యమ్మకి తెల్సు కదా. నీకూ తెల్సనుకొంటి."

"నాకెట్ల తెలుస్తుంది నాయనా?"

"తెల్సే మాట్లాడేది మానేస్తివనుకొంటి. ముసిలోనికి ఎవరు చెప్తారులే ఎదురుగా వచ్చి, పని చేసి అలిసిపోయి వస్తాది బిడ్డ, అనుకొంటి."

ఆయన వింటూ జవాబివ్వడం లేదని నేనూ, నేను తెలిసీ పలకరించడం లేదని ఆయనా, ఏడాది పాటు ఒకే ఇంట్లో ఒకే కుక్కరు అన్నం తింటూ అలా గడిపేశాం. నాకు ఏడుపు ఆగలేదు. సోఫాలో కూలబడి, పమిట కొంగు నోట్లో కుక్కుకుని, యాభై రెండేళ్ళ మనిషిని చంటిపిల్లలా ఏడ్చాను. నాయన నా భుజం తట్టాడు.

"ఏడుస్తావేందమ్మా, సుమ్నే ఉండు, ఊరుకో. సినిమా పోతా ఉండాది చూడు. బెలూనోడు కిందికి దిగినాడా లేదా?"

ఏడుపులోనే నవ్వొచ్చింది. అమ్మాయి కూడా ఏడుస్తూనే సినిమాను వెనక్కి తిప్పింది. బ్యాండు మేళం మళ్ళీ మొదలైంది. నేను నాయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, ఆయన అరచెయ్యి నా ఒళ్ళో పెట్టుకున్నాను. పెద్ద డ్రమ్ము మోగినప్పుడల్లా అరచేతి మధ్యలో పిడికిలితో గుద్దాను. చిన్న డ్రమ్ములకు వేళ్ళ చివర్ల మీద టకటకమని కొట్టాను. బాకా ఎలా చెప్పాలో తోచలేదు. అమ్మాయి వచ్చి ఆయన మణికట్టు దగ్గర వేలు పెట్టి, రాగం పైకి పోతుంటే మోచేతి దాకా, ఇంకా పైకి పోతే భుజం దాకా గీసుకుంటూ పోయింది. నాయనకు చక్కిలిగింతలు. "ఏయ్, ఏయ్" అంటున్నాడే గానీ చెయ్యి మాత్రం లాక్కోలేదు.

"పెద్ద డ్రమ్మోడు ఒక్కోసారి ఆగి ఆగి కొడతా ఉండాడు. బెల్టు వదులైన మగ్గం ఇట్లే కొడ్తాది," అన్నాడు కాసేపటికి. నిజమే, ఆ కథలో డ్రమ్ము వాడు కునికిపాట్లు పడుతున్నాడు. సంగీతంలో ఉన్న ఆ హాస్యం ఆయనకి అరచేతిలోంచి అందింది.

"మరి ఇందాకటినుంచి ఇంత చప్పుడు అవుతుంటే నీకేం అనిపించలేదా?" అని అడిగాను, ఎదురుగా జరిగి.

"కాళ్ళ కింద జుమ్మంటా ఉండె. పక్కింట్లో గోడకి డ్రిల్లు కొడతా ఉండారనుకొంటి. ఈ అపార్ట్‌మెంట్లో దినామూ ఉండేదే కదా."

మిగిలిన మూడు కథలూ అలాగే చూశాం. రెండు గంటలు పట్టాల్సింది మాకు మధ్యాహ్నం దాకా పట్టింది. చివరి కథ అయ్యేసరికి ఉప్మా సున్నంలా గట్టిపడింది. అదే తిన్నాం. తింటూ నాయన అమ్మాయికి మగ్గం మాటలు నేర్పాడు. పోగు తెగింది. కండె అయిపోయింది. షావుకారు వస్తున్నాడు, మాట్లాడకు. దానికి పెద్ద ఇంగ్లీషు చదువు గదా, చేతులు సరిగ్గా తిరగవు. "షావుకారు అనమంటే కాఫీ అంటా ఉండాది," అని ఆయన పడీపడీ నవ్వాడు.

గిన్నెలు తీస్తుంటే తలుపు దగ్గర ట్రంకు పెట్టె కాలికి తగిలింది. ఉండమని అడగాలి. కానీ పొమ్మన్నట్టు ఆటో మాట్లాడిన నోటితో ఏ ముఖం పెట్టుకుని అడగను? నాయన నన్నే చూస్తున్నాడు. గిన్నెలు కింద పెట్టి, పెట్టె చూపించి, చేతులతో స్టీరింగు తిప్పి, ఎనిమిది వేళ్ళు చూపించాను. రేపు ఎనిమిదింటికి, ఆటో.

ఆయన పెట్టె వైపు చూశాడు. నా వైపు చూశాడు. కుడి చెయ్యి పైకెత్తి, అరచెయ్యి నేలవైపు పెట్టి, మెల్లగా కిందికి దించాడు.

నా కంటే ముందు అమ్మాయి అరిచింది. "అమ్మా! ఆపమంటున్నాడు తాత!"

ఆటో అతనికి ఫోను చేసి అక్కర్లేదని చెప్పాను. ఆదివారం చెబితే ఎలా, ఇంకో బాడుగ వదులుకున్నాను అని కన్నడంలో ఐదు నిమిషాలు తిట్టాడు. ఆ తిట్లంతసేపూ నేను నవ్వుతూనే ఉన్నాను, అతనికి ఇంకా ఒళ్ళు మండి ఉంటుంది.

తర్వాతి నెల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి నాయనకు చెవి మిషను పెట్టించాం. అంతా వినపడదు గానీ కొంత వినపడుతోంది. పెట్టుకోగానే, "నీకు ఇంత గొంతుండాదా పాపా? మీ ఆయన ఎట్ల తట్టుకొంటా ఉండాడు?" అన్నాడు. ఇంటికొచ్చాక అమ్మాయి సంబరంగా మళ్ళీ ఆ సినిమానే పెట్టింది, ఈసారి తాత సంగీతం వినాలని. బ్యాండు మేళం వచ్చింది. నాయన ఒక నిమిషం విన్నాడు, తల కొంచెం వంచి, మర్యాదగా. తర్వాత మిషను తీసి చొక్కా జేబులో వేసుకుని, అరచెయ్యి నా ముందుకు చాపాడు.